నేను మందు తాగలేదు

మా ఊళ్లో సగం మంది నేను పురుగుమందు తాగాననే ఇప్పటికీ అనుకుంటున్నారు. ప్రేమ వ్యవహారమని కొందరు, అప్పులని కొందరు, ఉద్యోగం పోయిందని ఇంకొందరు. మూడూ లేవు. నా నోట్లోకి ఒక్క చుక్క వెళ్లలేదు. వెళ్లిందంతా వీపులోంచి, నడుం కిందనుంచి.

2021 నవంబరు. కంపెనీ ఇంకా ఇంటినుంచే పని చేసుకోమంటోంది. హైదరాబాదులో గది ఖాళీ చేసి ఊరొచ్చి ఏడాదిన్నరయింది. మాది నరసరావుపేట దగ్గర పల్లె. పల్నాడు అప్పటికి వేరే జిల్లా కాలేదు, గుంటూరు జిల్లాలోనే ఉండేది. మూడెకరాల మిర్చి, అందులో రెండెకరాలు కౌలు.

ఆ ఏడు మిర్చి వేసినవాళ్లకి నల్ల తామర పురుగు గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పూత మీదే పడేది. పూవు కోసి అరచేతిలో దులిపితే నల్లటి నలుసులు పాకుతూ కనిపించేవి. నాలుగు రోజులకోసారి మందు మార్చి మందు కొట్టాం. పూత రాలుతూనే ఉంది, ఆకు ముడుచుకుంటూనే ఉంది. ఊరంతా ఒకేసారి కొడుతుంటే కొట్టే కూలి మనిషి ఎక్కడ దొరుకుతాడు? నాన్నకి మోకాళ్లు. "ఈ ఒక్కసారికి నేను కొడతాలే" అన్నాను. ఆ రోజు శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి క్లయింటు కాల్ ఉంది. అప్పటికి అయిపోతుందనుకున్నా.

పురుగుమందుల కొట్టు ఆయన ఇచ్చినవి మూడు. మోనోక్రోటోఫాస్ సీసా, ఎసిఫేట్ పొడి, ఇంకేదో చిన్న డబ్బా. అన్నీ కలిపి కొట్టమన్నాడు. ఏది దేంతో కలపాలో, ఎంత కలపాలో మా దగ్గర కొట్టు మాటే శాసనం. మోనో సీసా మీద ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ ఉన్నాయి. దాంతో ఇచ్చే కాగితంలో విరుగుడు మందు పేరు కూడా ఉంటుంది. ఆ కాగితాన్ని నేను సీసా మూత తుడవడానికి వాడాను.

జాగ్రత్త పడలేదని అనకండి, పడ్డాను. కరోనా నేర్పిన జాగ్రత్తలన్నీ పడ్డాను. ముక్కుకీ నోటికీ రెండు మాస్కులు, చేతులకి ఆసుపత్రుల్లో వాడే పల్చటి గ్లవ్స్. నాన్న నవ్వాడు కూడా, "పెళ్లికొడుకులా తయారయ్యావేందిరా" అని. విషం వచ్చేది గాలిలోంచే, పోయేది ముక్కులోంచే అని నా బుర్రలో గట్టిగా కూర్చుంది. మిగతా ఒళ్లంతా ఏదో గోడ అన్నట్టు పాత కాటన్ చొక్కా, ట్రాక్ ప్యాంటు, దాని మీద పర్సు, ఫోను పెట్టుకోవడానికి తోలు బెల్టు సంచి. మొదటి జీతంతో కొనుక్కున్న బెల్టు సంచి అది.

మాది వీపుకి తగిలించుకుని కొట్టే తైవాన్ పంపు. ఇరవై లీటర్ల ట్యాంకు. మూత కింద ఉండాల్సిన రబ్బరు వాచరు ఎప్పుడో పోతే నాన్న సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టాడు. నిలబడి ఉన్నంతసేపు బాగానే ఉండేది. సాళ్లలో వంగి తిరిగినప్పుడల్లా మూత దగ్గర్నుంచి కాస్త ఒలికి నా మెడ కింద పడేది. అక్కణ్ణుంచి వెన్నెముక వెంట జారి, నడుం పట్టీ దగ్గర ఆగి, కిందకి దిగేది. పొద్దున ఏడున్నరకి మొదలుపెట్టా. పదింటికల్లా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఎండలో బరువు మోస్తుంటే వీపు మీద చల్లగా తడి. మంట లేదు, దురద లేదు. కాస్త మండి ఉంటే అప్పుడే విప్పి పారేసేవాణ్ణి.

గ్లవ్స్ మూడో ట్యాంకుకే చిరిగాయి. వేరే జత లేదు. బకెట్లో మందు కంది పుల్లతో కలుపుతుంటే పుల్ల విరిగింది. విరిగిన ముక్కని చేత్తో తీశాను.

ఎనిమిది ట్యాంకులు అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. ఇంటికొచ్చేసరికి ఒకటిన్నర. స్నానం చేస్తే కాల్‌కి ఆలస్యమవుతుంది. చేతులకి శానిటైజర్ రుద్దుకుని, ముఖం కడుక్కుని, నాలుగు ముద్దలు తిని, అదే చొక్కాతో లాప్‌టాప్ ముందు కూర్చున్నా. కెమెరా ఆఫ్‌లో పెట్టానులే, ఎవరు చూస్తారు!

కాల్ మొదలైన పావుగంటకి స్క్రీన్ మసకబారింది. బ్రైట్‌నెస్ పెంచా. ఇంకా చీకటిగానే ఉంది. కరెంటు వోల్టేజి పడిపోయిందేమో అని పైకి చూశా. లైటు వెలుగుతూనే ఉంది కానీ గదిలో సాయంత్రమైనట్టుంది. నోట్లో నీళ్లు ఊరడం మొదలైంది. మింగుతున్నా, మళ్లీ ఊరుతోంది. మాట్లాడే వంతు వచ్చినప్పుడు మాట ముద్దగా వచ్చింది. అవతల మా లీడ్ "ఏదో తింటున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎడమ కంటి కింద రెప్ప అదేపనిగా అదురుతోంది. ఎడమ కన్ను అదిరితే మగాడికి మంచిది కాదని అమ్మ అంటుంటుంది, అది గుర్తొచ్చింది ఆ క్షణంలో.

తర్వాత చెమట. నవంబరులో ఫ్యాను కింద కూర్చున్నవాడికి చొక్కా పిండితే కారేంత చెమట. లేచి వరండాలోకి వెళ్లి నులక మంచం మీద పడ్డా. వాంతి, ఇంకో వాంతి. అమ్మ పరిగెత్తుకొచ్చి తల పట్టుకుంది. "ఏందయ్యా ఇది, మంచు ముద్దలా ఉన్నావు" అంటూ కొంగుతో వీపు తుడిచింది. ఆ కొంగే మళ్లీ తన ముఖానికి.

ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చాడు. బీపీ పడిపోయింది, నీరసం, గ్యాస్ కూడా ఉంది అన్నాడు. ఒక సెలైన్ ఎక్కించాడు. పొలానికి వెళ్లొచ్చాడని నాన్న చెప్పాడు కూడా. "మందు గాలి కొట్టి ఉంటుంది, సాయంత్రానికి తేలిపోద్ది" అన్నాడు. మా దగ్గర అందరూ అనేది అదే, గాలి కొట్టింది అని. ఆయన్ని తప్పుపట్టడం లేదు. మందు కొట్టినప్పుడు తల తిరగడం, వికారం ఎన్నిసార్లో మా ఇళ్లల్లో అందరికీ అయి, మజ్జిగ తాగి పడుకుంటే తగ్గిపోయిన జబ్బే కదా. కానీ సెలైన్ సగం ఎక్కేసరికి ఛాతీలో గురగుర మొదలైంది. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్లున్న కుండలో పుల్లతో ఊదినట్టు చప్పుడు. అది విన్నాక నాన్న ఆగలేదు. పక్కింటి బాబాయ్ కారు తీశాడు.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు నాకంటే చిన్నదిలా ఉంది. టార్చి వేసి కళ్లు చూడగానే నాన్న వైపు తిరిగింది. "ఎన్నింటికి తాగాడు?"

"తాగలేదమ్మా, మందు కొట్టొచ్చాడు."

"దాచకండి. ఏ మందు, ఎంత తాగాడు?"

నాన్న జేబులోంచి మోనో సీసా తీశాడు. కారు ఎక్కేటప్పుడు ఎందుకు జేబులో వేసుకున్నాడో ఆయనకే తెలియదు. మేము ఆ రోజు చేసిన తెలివైన పని అదొక్కటే. కానీ అది చూసి అక్కడున్నవాళ్లందరికీ నేను తాగాననే రూఢి అయిపోయింది. నర్సు కడుపు కడిగే గొట్టం తేవడానికి వెళ్లింది.

అప్పుడా డాక్టరు చేసిన పని నాకు బాగా గుర్తుంది. నన్ను నోరు తెరవమని, దగ్గరికి వంగి వాసన చూసింది. ఏమీ అనలేదు. తర్వాత పక్కకి తిప్పించి నా వీపు మీదకి వంగింది. చటుక్కున వెనక్కి జరిగి "ఇక్కడుంది" అంది. "చొక్కా విప్పండి. అన్నీ విప్పండి. గ్లవ్స్ లేకుండా ఎవరూ ముట్టుకోకండి."

కత్తెరతో చొక్కా కోశారు. నన్ను బల్ల మీదే పడుకోబెట్టి సబ్బు నీళ్లతో తల దగ్గర్నుంచి అరికాళ్ల దాకా కడిగారు. గోళ్ల సందుల్లో, చెవుల వెనక, తొడల మధ్య, బొడ్డులో. ఒకసారి కడిగి అయిపోలేదు, రెండోసారి, మూడోసారి. సిగ్గు పడే ఓపిక కూడా లేదు నాకు. ఒకవైపు కడుగుతూనే రెండో చేతికి అట్రోపిన్ అనే విరుగుడు మందు ఎక్కిస్తున్నారు. బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లో కట్టి పారేయమన్నారు. తోలు బెల్టు సంచి నాన్న పక్కన పెట్టుకోబోతే డాక్టరు అదీ పారేయమంది. తోలు మందుని పీల్చుకుంటే ఎంత కడిగినా పోదట. పర్సులో డబ్బులు తీసి నాన్న దాన్ని కూడా వదిలేశాడు.

ఆ తర్వాత రెండు రోజులు నాకు సరిగ్గా గుర్తు లేవు. అమ్మ చెప్పినవే. అట్రోపిన్ అయిదేసి నిమిషాలకి ముందుదానికి రెట్టింపు చొప్పున ఇస్తూ పోయారట, ఛాతీలో గురగుర తగ్గేదాకా. నర్సు వచ్చినప్పుడల్లా నా చంకలో చెయ్యి పెట్టి చూసేదట. చంక పొడిగా ఉంటే మందు సరిపోయిందని లెక్క, తడి ఉంటే ఇంకా కావాలని. పామ్ అనే ఇంకో మందు కూడా ఎక్కించారు. అట్రోపిన్ ఎక్కువైన రాత్రి నేను దుప్పటి మీద నుంచి తామర పురుగుల్ని ఏరుతూ కూర్చున్నానట. ఒక్కొక్కటీ గిల్లి అమ్మ అరచేతిలో పెడుతూ "లెక్కపెట్టు" అన్నానట. ఆవిడ నూట నలభై దాకా లెక్కపెట్టింది పాపం. అమ్మక్కూడా ఆ రోజు తలనొప్పి, కళ్లల్లో నీళ్లు. నన్ను తుడిచిన కొంగు వల్లే అని తెలిశాక ఆవిడతోనూ స్నానం చేయించి చీర మార్పించారు.

రక్తంలో కోలినెస్టరేజ్ అని ఒక పరీక్ష చేశారు. ఆ ల్యాబు లెక్కలో 5000 పైన ఉండాలి, నాది 1100. డాక్టరు నాకు అర్థమయ్యేలా చెప్పింది. నరం కండరానికో గ్రంథికో ఒక కబురు పంపుతుంది, కబురు అందాక దాన్ని చెరిపేసే పని ఈ ఎంజైముది. మోనో లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైముని పట్టేసుకుంటాయి. ఇక కబురు చెరగదు. ఊరమన్న లాలాజలం ఊరుతూనే ఉంటుంది, ముడుచుకోమన్న కంటిపాప ముడుచుకునే ఉంటుంది, అదరమన్న కండరం అదురుతూనే ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే లాగౌట్ కాని సెషన్. పురుగుని చంపేదీ ఇలాగే. పురుగుకీ మనకీ ఆ ఎంజైము ఒకేలాంటిదే కాబట్టి మందుకి తేడా తెలియదు. యుద్ధాల కోసం తయారుచేసిన సారిన్ వాయువుదీ ఈ కుటుంబమే.

మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా పొద్దున్నే డాక్టరు రావడం, "దిండు మీంచి తల ఎత్తు" అనడం. అంతే పరీక్ష. నాకు నవ్వొచ్చేది, చంటిపిల్లాడి పరీక్షలా ఉందని. నాలుగో రోజు ఎత్తబోతే తల బరువెక్కి రెండంగుళాలు లేచి పడిపోయింది. డాక్టరు ముఖం మారింది. విషం ఎక్కిన ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు, బాగయిపోయాడనుకున్నాక, మెడ, ఛాతీ కండరాలు సడలి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంటుందట. 1987లో శ్రీలంక వైద్యులు దాన్ని మొదట వివరంగా రాశారట. అందుకే మెడ చూస్తారు. ఆ రాత్రి వెంటిలేటరు నా మంచం పక్కనే పెట్టి ఉంచారు. దాని అవసరం రాలేదు. మర్నాడు తల నాలుగంగుళాలు లేచింది. ఆ పై రోజు పూర్తిగా.

ఈ లోపల హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. విషం కేసు కాబట్టి ఆసుపత్రి పోలీసులకి చెప్పాలి, చెప్పింది. ఆయన పుస్తకం తెరిచి "ఎందుకు తాగావయ్యా, చదువుకున్నోడివి" అని మొదలుపెట్టాడు. తాగలేదన్నాను. పెన్ను ఆపి చూశాడు. "తాగకపోతే ఇట్టా ఎట్టా అవుద్ది?" చర్మంలోంచి ఎక్కిందని చెప్పా. "మా నాయన ముప్పయ్యేళ్లు కొట్టాడు, లుంగీ మీద, చెప్పుల్లేకుండా. ఆయనకేం కాలేదే!" నాన్న లేచి పంపు మూత గురించి, సైకిల్ ట్యూబు ముక్క గురించి చెప్పాడు. ఆయన రాసుకున్నాడు గానీ నమ్మినట్టు లేడు. పోతూ పోతూ నా భుజం తట్టి "ఏ కష్టమున్నా అమ్మానాన్నలతో చెప్పుకోవాలి" అన్నాడు.

మంచం మీద ఖాళీగా ఉన్న రోజుల్లో ఫోన్లో చదవడం తప్ప పనేముంది. చర్మం పైపొర చాలా పల్చటి చచ్చిన కణాల పొర. నీళ్లని బాగానే ఆపుతుంది. కొవ్వులో కరిగే రసాయనాల దగ్గర దాని పట్టు సడలుతుంది. సిగరెట్ మాన్పించే నికోటిన్ పట్టీ చర్మానికి అంటించుకుంటే రక్తంలోకి వెళ్లడం ఈ దారినే. ఆ దారి ఒళ్లంతా ఒకే వెడల్పు కాదు. 1971లో అమెరికాలో మైబాక్ అనే చర్మవైద్యుడు, ఆయన తోటివాళ్లు పారాథియాన్ అనే పురుగుమందుతో మనుషుల మీద కొలిచి చూశారు. ముంజేతి చర్మంలోంచి లోపలికి వెళ్లేదాన్ని 1 అనుకుంటే అరచేతికి 1.3, పొట్టకి 2.1, నుదుటికి 4.2, చంకకి 7.4. వృషణాల దగ్గర 11.8. ఆ అంకె చూసి ఫోను పక్కన పెట్టేశాను. ట్రాక్ ప్యాంటు నడుం పట్టీ దగ్గర ఆగి కిందకి దిగిన తడి గుర్తొచ్చింది. గ్లవ్స్ తొడిగింది 1.3 దగ్గర. అది కూడా చిరిగిన గ్లవ్స్.

పల్చటి గ్లవ్స్ గురించి ఇంకోటి చదివా. 1996లో అమెరికాలో డార్ట్‌మత్ కళాశాలలో కరెన్ వెటర్‌హాన్ అనే ఆచార్యురాలి చేతి గ్లవ్ మీద డైమిథైల్ మెర్క్యురీ అనే విష రసాయనం చుక్కలు పడ్డాయి. లేటెక్స్ గ్లవ్‌లోంచి అవి క్షణాల్లో లోపలికి దిగాయి. పది నెలలకి ఆవిడ చనిపోయింది. అంత చదువుకున్న ఆవిడకే తెలియనిది మా కొట్టు ఆయనకి తెలియలేదని నేనేం అంటాను. అయినా కోపం ఉంది. ఆయన మీద కంటే ఎర్ర త్రికోణం సీసాని గ్లవ్ కూడా చేతికివ్వకుండా అమ్మే పద్ధతి మీద. 2017లో మన పక్కనే మహారాష్ట్ర యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మంది దాకా చనిపోయారు. నాలుగేళ్లకి మా ఊళ్లో అదే పంపు, అదే తడి చొక్కా.

ఆరో రోజు ఇంటికి పంపారు. బిల్లు లక్షా ఇరవై వేలు. కంపెనీ బీమా ఉంది కదా అనుకుంటే అక్కడా అదే గొడవ. డిశ్చార్జి కాగితంలో ఎవరో అలవాటు కొద్దీ "విషం సేవించిన కేసు" అని రాసేశారు. ఆత్మహత్యాయత్నానికి బీమా వర్తించదని ఫైలు తిరిగొచ్చింది. మళ్లీ నరసరావుపేట వెళ్లి ఆ డ్యూటీ డాక్టరు కోసం ఆమె షిఫ్టు మొదలయ్యేదాకా రెండు గంటలు కూర్చున్నా. ఆవిడ కాగితం చూసి తల పట్టుకుని, కొత్తది రాసిచ్చింది, విషం చర్మం ద్వారా చేరింది, ప్రమాదవశాత్తు జరిగింది అని. దానికి పోలీసులకి ఇచ్చిన స్టేట్‌మెంటు నకలు జత చేయాలి. హెడ్ కానిస్టేబుల్ నమ్మకపోయినా సైకిల్ ట్యూబు ముక్కతో సహా అన్నీ రాసి ఉంచాడు, ఆయనకి దండం పెట్టాలి. నాలుగు నెలలకి డబ్బు వచ్చింది.

కాళ్లల్లో నీరసం, రాత్రిళ్లు పీడకలలు ఇంకో రెండు నెలలున్నాయి. ఎర్ర రక్తకణాల్లో ఆ ఎంజైము మళ్లీ నిండాలంటే పాత కణాలు పోయి కొత్తవి రావాలి, మూడు నాలుగు నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా మందు డబ్బా ఉన్న గదిలోకి కూడా వెళ్లొద్దన్నారు. సగం కోలుకున్నవాడికి కొంచెం సోకినా మళ్లీ మొదటికొస్తుందట.

నన్ను మొదటి మాటకే నమ్మింది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడది ఒంగోలు వైపు. చూడ్డానికొచ్చి మంచం పట్టె మీద కూర్చుని "తడిచొక్కాతో ఉన్నావా?" అని అడిగింది. ఉన్నానన్నా. "ఇంకేం. మాకు పొగాకు కోతల్లో అయ్యేది కాదంట్రా" అంది. తెల్లారుజామున మంచుతో తడిసిన పచ్చాకుని చంకలో పెట్టుకుని మోస్తే పది గంటలకల్లా తల తిరిగి, వాంతులై, ఆడవాళ్లు గట్టు మీద వరసగా పడుకునేవాళ్లట. ఆకు నోట్లో పెట్టుకున్నవాళ్లెవరూ లేరు. నికోటిన్ అన్న మాట ఆవిడకి తెలియదు. "ఆకు ఒంట్లోకి ఎక్కుద్ది" అనేవాళ్లట. మంచు ఆరాక కోస్తే ఎక్కదనీ వాళ్లకి తెలుసు. మేస్త్రీ ఆగనిచ్చేవాడు కాదు, అంతే.

మరుసటి ఏడు నాన్న మిర్చి తగ్గించాడు. పంపుకి కొత్త వాచరు వేయించాం. అది ఎంతో తెలుసా, పదిహేను రూపాయలు. ఆ జనవరిలో పక్కింటి బాబాయ్ మా పంపు అడిగి తీసుకెళ్లాడు, తనది పాడైందని. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయన కారులోనే. పంపు తిరిగివ్వడానికి మధ్యాహ్నం వచ్చి, అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అబ్బాయ్, ఇప్పుడు మీ నాన్న కూడా లేడు. నాతో నిజం చెప్పు. అప్పుడు ఎందుకు తాగావురా?"

కొత్త వాచరు వేసినా ట్యాంకు నింపేటప్పుడు ఒలికించుకున్నాడో ఏమో, ఆయన వీపు మీద చొక్కా నడుం దాకా తడిసి అతుక్కుపోయి ఉంది.

"చెబుతా బాబాయ్" అన్నాను. "ముందు ఆ చొక్కా విప్పు. అక్కడ మోటారు వేస్తా, సబ్బు తెస్తా."